గంటగుడి పుట్టిల్లు

రొట్టెల సోమక్క నోటికి జడిసి ఆమె సందులో కుక్కలు కూడా మొరగవని కర్నూలును ఆనుకున్న కల్లూరులో ఒక మాట ఉంది. ఇది ఉత్త అన్యాయం. కుక్కలు మొరుగుతాయి. సోమక్క తలుపు తీసిన చప్పుడైతే మాత్రం ఆపేస్తాయి, అంతే. మొరిగినందుకు వాటి వంశాన్నంతా తిట్టి, ఆ తిట్టిన నోటితోనే దగ్గరికి పిలిచి మాడిన రొట్టె ముక్కలు వేస్తుందని వాటికి తెలుసు. ఆ రెండో సంగతి తెలిసినవాళ్ళు మనుషుల్లోనే తక్కువ.

సోమక్కది కోసిగి పక్క పల్లె. పెండ్లయిన మరుసటేడు వానల్లేక మొగుడు బొజ్జన్నతో కలిసి కర్నూలు చేరింది. అప్పటినుంచి ఆమె పని ఒకటే. జొన్నపిండిని ఉడుకునీళ్ళతో కలిపి, పీట మీద తట్టి, ఇనప పెనం మీద కాల్చి, గురెళ్ళ పొడో చెనిక్కాయల పొడో నంజుకు పెట్టి ఇంటిముందే అమ్మడం. పెనం బొజ్జన్న కోసిగి సంతలో కొనిచ్చింది. ఒక పక్క అంచు విరిగిపోయి ఉంటుంది. "కొత్తది తెచ్చుకోరాదా సోమక్కా" అని ఎవరైనా అంటే, "మా ఆయనకూ ముందరి పండ్లు రెండు ఊడినాయి, మార్చుకున్నానా?" అంటుంది. అడిగినవాడు నోరు మూసుకుని రొట్టె తినాల్సిందే.

బొజ్జన్న దానికి సరిగ్గా వ్యతిరేకం. ఎర్రగడ్డల మార్కెట్లో, అంటే ఉల్లి మార్కెట్లో, హమాలీ. క్వింటాలు మూట వీపున వేసుకుని ఒక్క మూలుగు లేకుండా నడిచేవాడు, ఇంట్లోనూ అంతే. సోమక్క పది మాటలకు ఆయన ఒక 'ఊ'. ఇంటికి వచ్చాక ఎంత రుద్దుకుని స్నానం చేసినా ఒంటి మీద ఎర్రగడ్డ వాసన పోయేది కాదు. ఆ వాసన మీద సోమక్క నలభై ఏండ్లు తిట్టింది. ఇప్పుడు ఆయన తువ్వాలు ఉతకడానికి మాత్రం ఎవరినీ ముట్టనివ్వడం లేదు.

ఎందుకంటే బొజ్జన్న పోయి తొమ్మిది రోజులైంది. పొద్దున్నే టీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఆనుకున్నవాడు అట్లాగే పోయాడు. పోయేటప్పుడైనా ఒక మాట చెప్పి పోలేదు. అలవాటు లేదు కదా.

ఆ రోజునుంచి సోమక్క నోరు కూడా పడిపోయింది. ఏడ్చిందే గానీ ఎవరినీ తిట్టలేదు. పిండి డబ్బాకు చీమలు పట్టినా, కొడుకు ఓబుళేశు తడికాళ్ళతో ఇల్లంతా తొక్కినా ఒక్క మాట లేదు. సందంతా పాడుబడినట్టయింది. కుక్కలు వాకిట్లోకి వచ్చి తలుపు వంక చూసి, ఏమీ తోచక పడుకునేవి.

ఇంతలో ఊరినుంచి వచ్చిన బొజ్జన్న తమ్ముడు నరసన్న ఒక సంగతి కదిపాడు. నరసన్న చెడ్డవాడు కాదు. కాకపోతే పద్ధతి అంటే ప్రాణం. పెండ్లికీ చావుకూ ఏది ముందు ఏది వెనక అని అతన్నే అడుగుతారు, అడగకపోయినా చెబుతాడు.

"వదినా, ఎల్లుండి పెద్దదినం. పుట్టింటోళ్ళు యారు వస్తారు?" అన్నాడు.

సోమక్క నేల చూసింది. ఆమె వైపు ఎవరున్నారు? అమ్మానాయన ఎప్పుడో పోయారు. ఉన్న ఒక్క తమ్ముడు పెండ్లి కాకుండానే పోయాడు. ఇల్లు కూలి మొండిగోడ మిగిలింది.

వాళ్ళ వంశంలో ఒక ఆచారముంది. మొగుడు పోయిన ఆడదానికి పదకొండో రోజున పుట్టింటివాళ్ళు చీర తెచ్చి భుజాన కప్పాలి. మొగుడు పోయినా నీకు మేమున్నామని పదిమందిలో చెప్పడం అది. తర్వాత ఏ చీరలైనా కట్టుకుంటారు, కాలం మారింది. ఆ పూటకు మాత్రం తెల్లది తేవడం వాడుక. పుట్టింట్లో ఎవరూ లేని ఆడదానికి ఊళ్ళోవాళ్ళే తలా ఒక చెయ్యి వేసి చీర తెచ్చి పెడతారు. దాన్ని ఊరిచీర అంటారు.

"ఊరిచీర పెడతాం లే వదినా. నువ్వేం దిగులు పడాకు" అన్నాడు నరసన్న మంచిమనసుతోనే.

ఊరిచీర అంటే ఏమిటో సోమక్కకు తెలుసు. ఆమె చిన్నప్పుడు వాళ్ళ పల్లెలో ఒకామెకు ఊరిచీర పెట్టారు. ఆ పొద్దునుంచి చచ్చేదాకా ఆమెను ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. 'ఊరిచీరామె' అన్నారు. నీళ్ళకాడ వెనక, పెండ్లి బంతిలో చివర. దిక్కులేనిదని ముద్ర పడిపోయింది. ఇన్నేండ్లూ ఎవరి దగ్గరా తల వంచని మనిషి సోమక్క. బొజ్జన్న పటం ముందర, కొడుకు కోడలు చూస్తుండగా దిక్కులేనిదిగా కూర్చోవాలంటే ఆమెకు చావే నయమనిపించింది.

ఆ మధ్యాహ్నం ఆమెకు ఒక ఇల్లు గుర్తొచ్చింది. పుట్టిల్లు అనుకోమని ఆమెతో నోరారా చెప్పిన ఇల్లు ఈ భూమ్మీద అదొక్కటే. ఆ గడప ముందుకు పోయి పదమూడేండ్లయింది. పోకపోవడానికి తప్పెవరిదో సోమక్కకు బాగా తెలుసు.

మర్నాడు పొద్దున కోడలు శివజ్యోతిని పెరట్లోకి పిలిచింది. "మ్మే, నేను గంటగుడికి పోయొస్తా. మీ చిన్నమామ అడిగితే తలనొప్పని పండుకోనుండాది అని చెప్పు."

శివజ్యోతి భయపడింది. పెద్దదినం కాకుండా మొగుడు పోయిన ఆడది ఇల్లు దాటకూడదు. ఎదురొస్తే అపశకునమంటారు. కానీ పది రోజుల్లో అత్త నోటినుంచి వచ్చిన మొదటి పొడుగు మాట అదే. "పో అత్తా. వెనక సందులో పో. నేను చూసుకుంటా" అని, తన కొత్త చెప్పులు తీసి ఇచ్చింది.

షేర్ ఆటోలో సోమక్క కొంగు ముఖం మీదికి లాక్కుని వెనక మూల కూర్చుంది. ఆటో హంద్రి వంతెన ఎక్కింది. కింద ఇసుక, పిచ్చి తుమ్మలు, నడుమ సన్నటి మురికినీటి పాయ. హంద్రిలో వరద అంటే ఒకప్పుడు కర్నూలోళ్ళు నవ్వేవాళ్ళు. రెండువేల తొమ్మిది తర్వాత నవ్వడం మానుకున్నారు.

ఆ ఏడు గాంధీ జయంతి రోజు. అప్పుడు వాళ్ళ కాపురం పాతబస్తీలో, హంద్రి గట్టు దిగువ సందులో. మార్కెట్టు సెలవు కాబట్టి బొజ్జన్న ఇంట్లోనే ఉన్నాడు. ఓబుళేశు అప్పటికే ఎర్రగుంట్లలో సిమెంటు లారీ మీద పనిలో ఉన్నాడు. తుంగభద్ర పొంగి హంద్రిని వెనక్కి నెట్టింది. సాయంత్రానికి నీళ్ళు సందులోకి, చూస్తుండగానే మోకాళ్ళకు, నడుముకు వచ్చాయి. అంతలో గంట మోగడం మొదలైంది. పక్కవీధిలో వందేండ్ల నాటి రాతి చర్చి ఉంది, ఎత్తైన అరుగు మీద కట్టింది. దాన్ని కాపలా కాసే దాసన్న గంట తాడు పట్టుకుని, ఇటు రండి, ఇటు రండి అన్నట్టు వదలకుండా కొట్టాడు. హిందువులు, తురకలు, కిరస్తానీలు అని లేకుండా ఆ చప్పుడు పట్టుకునే అందరూ పరుగెత్తారు. ఆ రోజునుంచే సోమక్కకు అది గంటగుడి.

చర్చి మెట్ల దాకా వచ్చాక సోమక్క ఆగింది. "నా పెనం" అంది.

బొజ్జన్న ఆమె ముఖం చూశాడు. "ఊ" అని వెనక్కి తిరిగి నీళ్ళలోకి దిగాడు.

మళ్ళీ రాలేదు. చర్చి లోపలికీ నీళ్ళు వచ్చాయి. రెండొందల మంది వెనకవైపు చెక్కమేడ మీదికి ఎక్కి ఒకరినొకరు ఒరుసుకుని కూర్చున్నారు. సోమక్క కటకటాలు పట్టుకుని నీళ్ళవంకే చూస్తూ కూర్చుంది. ఒక ఇనప పెనం కోసం మొగుణ్ణి పంపించింది. ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు.

తెల్లారింది. దాసన్న భార్య రాహేలమ్మ ఒక రేకుపెట్టెను తలమీద మోసి ముందే మేడ ఎక్కించి ఉంది. సన్నటి మనిషి, నెమ్మది మాట. వాళ్ళు కాపురముండే వెనకగది మునిగిపోయింది, మిగిలింది ఆ పెట్టె ఒక్కటే. తడిబట్టలతో వణుకుతున్న ఆడవాళ్ళకు అందులోని చీరలు ఒక్కొక్కటే పంచుతూ వచ్చింది. బాలింతకొకటి, ముసలామెకొకటి. సోమక్క దగ్గరికి వచ్చేసరికి పెట్టెలో అడుగున ఒక్కటే ఉంది. దాన్ని రెండు చేతులతో తీసి సోమక్క ఒళ్ళో పెట్టింది.

తెల్లచీర.

సోమక్క దాన్ని చూసింది. మొగుడు నీళ్ళలోకి పోయి రాత్రి గడిచింది. తెల్లారగానే తెల్లచీర. ఇంక ఆమెకు చెప్పాల్సిందేముంది? శవం దొరికింది, వీళ్ళకందరికీ తెలుసు, నోటితో చెప్పలేక చీర పెడుతున్నారు అనుకుంది.

"నా మొగుడు సచ్చినాడని నువ్వెట్ల చెప్తావు? యారు చెప్పినారు నీకు? నీ చేతులు పడిపోను, నాకు తెల్లచీర పెడతావా?" అని, ఆ చీరను ఉండచుట్టి మేడమీదినుంచి కిందికి విసిరికొట్టింది. అది విచ్చుకుని బురదనీళ్ళ మీద పడింది.

రాహేలమ్మ మెట్లు దిగి, నడుము లోతు నీళ్ళలో నడిచి, ఆ చీరను తీసి పిండుకుంది. మళ్ళీ పైకి వచ్చి, తలుపుకున్న ముదురెరుపు తెర ఊడదీసి సోమక్క చుట్టూ కప్పింది. తర్వాత రెండు రోజులు ఆమె పక్కనుంచి లేవలేదు. నీళ్ళు తాగించింది, వీపు రాసింది, ఆమె తిట్టినప్పుడల్లా తిట్టనిచ్చింది.

మూడోనాటి మధ్యాహ్నానికి నీళ్ళు తీశాయి. మోకాలి లోతు బురదలో ఎవరో నడిచి వస్తున్నారు. నెత్తిన నల్లగా, గుండ్రంగా ఏదో ఉంది. బొజ్జన్న. మూడు సందుల అవతల ఒక మిద్దె మీద చిక్కుకుపోయి, వానకు పెనాన్ని నెత్తిన పెట్టుకుని కూర్చున్నాడట. సోమక్క మెట్లమీదినుంచి చూసింది. ఆయన దగ్గరికి వచ్చి పెనం దించాక, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అంచు ఇరగ్గొట్టినావు గదప్పా" అంది. ఆ తర్వాత ఆ పెనాన్ని కావిలించుకుని ఏడ్చిన ఏడుపు అంతా ఇంతా కాదు. బొజ్జన్న బురద చేతులు ఎక్కడ తుడుచుకోవాలో తెలియక పక్కనే నిలబడ్డాడు.

ఆ తర్వాత పది రోజులు ఆ చర్చే వాళ్ళ ఇల్లు. దాతలు పంపిన జొన్నపిండితో, చర్చి ఆవరణలో మూడురాళ్ళ పొయ్యి మీద, విరిగిన అంచు పెనంతో సోమక్క రెండొందల మందికి రొట్టెలు కాల్చింది. రాహేలమ్మ పక్కన కూర్చుని తట్టేది. ఆమె తట్టిన రొట్టె ఒక్కటీ గుండ్రంగా వచ్చిన పాపాన పోలేదు. "ఇది రొట్టెనా, చెప్పు అడుగునా?" అని సోమక్క అంటే రాహేలమ్మ నోరు మూసుకుని నవ్వేది. తెల్లచీర సంగతి మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. మొగుడు తిరిగొచ్చిన సంతోషంలో సోమక్క దాన్ని మరిచే పోయింది.

వెళ్ళిపోయే రోజున రాహేలమ్మ ఆమెను ఆపింది. "మీలో ఆడబిడ్డ పుట్టింటినుంచి పోతాంటే ఒడిబియ్యం పోస్తారంట గదా" అని, వరద సాయం కింద వచ్చిన సంచిలోనుంచి దోసిళ్ళతో బియ్యం తీసి సోమక్క కొంగులో పోసింది. పసుపు లేదు, కుంకుమ లేదు, ఎన్ని దోసిళ్ళో లెక్క లేదు. కొంగు నిండి కారిపోతున్నా పోస్తూనే ఉంది. "ఇది నీ పుట్టిల్లనుకో సోమక్కా. యాడాదికి ఒకసారన్నా రా" అంది.

సోమక్క వెళ్ళింది. కల్లూరుకు కాపురం మార్చినా, మూడేండ్లు వరసగా గాంధీ జయంతి రోజున రొట్టెల గంప నెత్తిన పెట్టుకుని వెళ్ళింది. మూడో ఏడు వెళ్ళేసరికి చర్చిలో ఎవరిదో పెండ్లి. పూలదండలు వేసిన కారులోనుంచి పెండ్లికూతురు దిగింది. తలనిండా మల్లెలు, చేతిలో పూలగుత్తి, ఒంటి మీద తెల్లటి పట్టుచీర.

సోమక్క గేటు దగ్గరే ఆగిపోయి, పక్కనున్న ఆమెను గొంతు తగ్గించి అడిగింది. "ఏమ్మా, ఏమైందా పిల్లకు? తెల్లచీర కట్టినారు?"

ఆమె నవ్వింది. "మా పెండ్లిండ్లలో అదే గదమ్మా కట్టేది. మా అమ్మావాళ్ళూ తెల్లదే కట్టుకున్నారు. పెండ్లిచీరని పెట్టె అడుగున దాపెట్టుకుంటారు, ఇంక ముట్టరు."

పెట్టె అడుగున. సోమక్క నెత్తిన గంప బరువెక్కిపోయింది. కట్టుకున్న బట్ట తప్ప అన్నీ పంచిపెట్టేసి, చిట్టచివరికి తన పెండ్లిచీర తెచ్చి ఒళ్ళో పెట్టిన మనిషిని, చేతులు పడిపోవాలని తిట్టింది. ఆ చీరను బురదలో విసిరేసింది. కర్నూలులో అన్నేండ్లు బతికి, పక్కవీధిలో పెండ్లిచీర ఏ రంగో తెలుసుకోలేదు.

గంప గేటు దగ్గర దించి, లోపలికి పోకుండా తిరిగొచ్చేసింది. ఊరందరినీ దులిపేసే నోరు ఒక 'తప్పయిందక్కా' అనలేకపోయింది. మర్నాడు జరిగిందంతా బొజ్జన్నకు చెప్పి, "నేను పోను. ముఖం చెల్లదు. నువ్వే ఇచ్చిరా ఏటేటా. కాళ్ళనొప్పులని చెప్పు" అంది. ఆయన "ఊ" అన్నాడు. అప్పటినుంచి ప్రతి గాంధీ జయంతికి ఆయనే గంప మోశాడు. ఐదేండ్ల కిందట తిరిగొచ్చి, "దాసన్న పోయినాడు" అన్నాడు. పరామర్శకైనా పోవాల్సింది. సోమక్క అప్పుడూ పోలేదు. సిగ్గు మీద సిగ్గు పేరుకుపోయింది.

ఆటో దిగి, సోమక్క చర్చి మెట్ల ముందు నిలబడింది. గోడమీద వరద నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో చెప్పే ఎర్రగీత ఇంకా ఉంది. అరుగు మీద ఒక ముసలామె చీపురుతో వేపాకులు ఊడుస్తోంది. తల నెరిసింది, నడుము వంగింది. నీలం పూల చీర కట్టుకుంది. మొగుడు పోయి ఐదేండ్లయిన ఆడమనిషి అంత నిండుగా పూల చీర కట్టుకోవడం సోమక్క కళ్ళలో పడింది.

"ఎవరు?" అంది రాహేలమ్మ, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని.

"నేనక్కా. సోమక్కను."

"పెనం సోమక్కనా? ఎండలో నిలబడినావేంది, పైకి రా."

"రాకూడదక్కా. మా ఆయన పోయినాడు. రేపు పెద్దదినం. అది కాకుండా నేను యారి గడపా తొక్కకూడదు."

రాహేలమ్మ చేతిలో చీపురు కిందపడింది. గోడ పట్టుకుని, ఒక్కో మెట్టుకు రెండు కాళ్ళూ ఆనించుకుంటూ దిగి వచ్చింది. చివరి మెట్టు మీద కూలబడి, సోమక్క చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "ఆ పొద్దు నీళ్ళే తొక్కినాయి ఈ గడప. నువ్వు తొక్కితే ఏమవుతాది" అంది. మనిషి మారలేదు.

సోమక్క పైటకొంగు నోటికడ్డం పెట్టుకుంది. పదమూడేండ్లు నమిలి మింగిన మాట ఇప్పుడు బయటికి రావాలి.

"అక్కా, ఆ పొద్దు నువ్విచ్చిన చీర ఇసిరికొట్టినా. అది నీ పెండ్లిచీరని నాకు తెలీదు. తెలిసినంక నీకు ముఖం చూపీలేక రాలేదు. దాసన్న పోయినప్పుడూ రాలేదు. శానా తప్పు చేసినా." ఊపిరి తీసుకుని మళ్ళీ అంది. "రేపు నాకు చీర పెట్టేదానికి పుట్టింటోళ్ళు యారూ లేరు. ఊరిచీర పెడతారంట. ఆ తెల్లచీర ఉంటే నాకియ్యి. ఆ పొద్దు ఒద్దన్నా, ఇప్పుడు అదే కట్టుకుంటా. నీ చేత్తో ఇచ్చిందైతే నాకు పుట్టింటిది ఉన్నట్టే."

రాహేలమ్మ తల అడ్డంగా ఊపింది. "అది ఇయ్యను సోమక్కా" అంది నెమ్మదిగా.

ఆ మాట వెనకాల ఇంకో మాట ఉందేమోనని ఆగే ఓపిక సోమక్కకు వరదనాడూ లేదు, ఈనాడూ లేదు. చెంపదెబ్బ తగిలినట్టు లేచింది. నాకిట్లా కావాల్సిందే అనుకుంది. పెట్టినప్పుడు విసిరేసి, మొగుడు పోయినప్పుడు వచ్చి అడిగితే ఎవరిస్తారు? "సరే అక్కా, పోయొస్తా" అని గబగబా గేటు దాటింది. వెనకనుంచి రాహేలమ్మ ఏదో పిలిచింది గానీ, మోకాళ్ళ నొప్పుల మనిషి ఆమెను అందుకోవడం ఎక్కడ జరుగుతుంది.

మర్నాడు పది గంటలకు ఇంటిముందు షామియానా కింద అందరూ చేరారు. బొజ్జన్న పటానికి దండ వేశారు. పక్కన ఆయన తువ్వాలు మడిచి పెట్టారు. సోమక్క పటం ముందు పీట మీద తలవంచుకుని కూర్చుంది. నరసన్న పక్కన ఒక తాంబాళంలో ఊరిచీర సిద్ధంగా ఉంది, తెల్లది, దుకాణం కాగితం ఇంకా తీయనిది.

పద్ధతి ప్రకారం మూడుసార్లు పిలవాలి. నరసన్న లేచి గొంతు సవరించుకున్నాడు.

"సోమక్క పుట్టింటోళ్ళు రాండి."

ఎవరూ కదల్లేదు. ఓబుళేశు నేల చూశాడు.

"సోమక్క పుట్టింటోళ్ళు రాండి."

ఎవరో దగ్గారు. శివజ్యోతి అత్త వెనక కూర్చుని కొంగుతో కళ్ళొత్తుకుంది. నరసన్న ఒక క్షణం ఆగాడు. అతనికీ ఆ మూడో పిలుపు పిలవబుద్ధి కాలేదు. కానీ పద్ధతి.

"సోమక్క పుట్టింటోళ్ళు..."

"ఉండప్పా, వస్తాండా. మోకాళ్ళు నొప్పి."

షామియానా చివర ఆటో ఆగి ఉంది. రాహేలమ్మ ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో గుడ్డసంచి పట్టుకుని జనం మధ్యలోనుంచి వస్తోంది. సోమక్క తల ఎత్తింది.

"యారమ్మా నువ్వు?" అన్నాడు నరసన్న.

"పుట్టింటిదాన్ని."

"యా ఊరు?"

"ఈ ఊరే. గంటగుడి. ఈమెకు ఒడిబియ్యం పోసి పంపించినదాన్ని నేనే."

నరసన్నకు లీలగా గుర్తొచ్చింది. వరదనాడు అన్నను వెతుక్కుంటూ వచ్చి ఆ చర్చి ఆవరణలో వంకర రొట్టెలు తిన్నాడు. అతను పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

రాహేలమ్మ సంచిలోనుంచి చీర తీసింది. మిరపపండు ఎరుపు ఎమ్మిగనూరు మగ్గం చీర, మడత కూడా విప్పనిది. జనంలో గుసగుసలు లేచాయి.

"అమ్మా, ఏమనుకోవద్దు. ఈ పూటకు తెల్లది పెట్టాల" అన్నాడు నరసన్న.

"పుట్టింటోళ్ళు ఏది పెడితే అది కట్టుకోవాల గదా నాయనా మీ పద్ధతి?"

"అది నిజమే గానీ..."

"మా ఇంట్లో తెల్లది పెండ్లికి కడతారు. మొగుడు పోయిన బిడ్డకు పెట్టరు." రాహేలమ్మ సోమక్క వైపు తిరిగింది. "నా తెల్లచీర నీకెందుకియ్యలేదంటే, నేను పోయినంక నన్ను పెట్టెలో పెట్టేటప్పుడు కట్టమని చెప్పిపెట్టుకున్నా. బురద మరక ఇంకా పోలేదు, దాంతోనే పోతా. ఇది మా ఆయన ఆఖరి క్రిస్మసుకు తెచ్చింది. కట్టేదానికి మనసు రాలే. నీకోసమే ఉన్నట్టుండాది."

ఆమె చీర విప్పి సోమక్క భుజాల చుట్టూ కప్పింది, వెనకటికి ఆ ఎర్ర తెర కప్పినట్టే. నరసన్న పద్ధతి తెలిసినవాడు కదా, పుట్టింటి మాట మీద మాట లేదని అతనికి బాగా తెలుసు. తాంబాళాన్ని కాలితో మెల్లగా పీట వెనక్కి తోశాడు.

సోమక్క ఆ ఎరుపును చేత్తో తడిమి చూసింది. "నేను తిట్టినా గదక్కా నిన్ను. అయినా వచ్చినావు."

"నువ్వు తిట్టింది నేను మర్సిపోయి శానా దినాలాయె. నువ్వెందుకు రాలేదో కూడా బొజ్జన్న అప్పుడే చెప్పినాడు. నా పెండ్లాము సిగ్గుపడి రాలేదు, నువ్వేమనుకోవద్దని. ఏటా గంప దించి కొంచెంసేపు కూసుని నీ కతలే చెప్పేటోడు. పోయిన గాంధీ జయంతికి వచ్చి ఒక మాట అడిగినాడు. నేను ముందుగా పోతే దానికి చీర పెట్టేవాళ్ళు లేరక్కా, నువ్వు పెట్టు, తెల్లది మాత్రం ఒద్దు, దానికి బయం అన్నాడు."

సోమక్క పటం వైపు తిరిగింది. బొజ్జన్న ఎప్పటిలాగే నోరు మూసుకుని ఉన్నాడు. పదకొండు రోజుల తర్వాత ఆమె నోరు లేచింది.

"నలభై ఏండ్లు" అంది. మొదట చిన్నగానే అంది. "నలభై ఏండ్లు నా కాడ ఊ అంటివి. ఒక్క పొద్దన్నా నోరిప్పి నాలుగు మాటలు చెప్తివా? పైగా గంటగుడికి పోయి గంటలు గంటలు కతలు చెప్తివా? నాకు చీర కావాలని నువ్వు అడుగుతివా? నోట్లో నాలుక లేదనుకుంటినే నీకు. ఎన్ని దినాలనుంచి మోసం చేస్తాండావప్పా నన్ను? ఎర్రగడ్డ నాయాలా, నాకు చెప్పకుండా పోతావా?" గొంతు పెరిగి పెరిగి సందు చివరిదాకా వినిపించింది.

ఓబుళేశు అమ్మను ఆపబోతే శివజ్యోతి అతని చెయ్యి పట్టుకుంది. సందు మొగదల పడుకున్న కుక్కలు చెవులు నిక్కించుకుని లేచి, ఒకదాని వెనక ఒకటి వాకిట్లోకి వచ్చి నిలబడ్డాయి. రాహేలమ్మ, సోమక్క భుజం మీది ఎర్రచీర జారిపోకుండా పట్టుకుని, ఆమె పక్కన నేలమీద కూర్చుని, వీపు రాస్తూ తిట్టనిచ్చింది.